నాన్న విందులో రెక్కల సూప్

దెల్ఫీనా సియు సూప్ గిన్నె రెండు చేతులా పట్టుకుని పెద్దల బల్ల వైపు నడిచింది. టీవీలో దేశమంతా చూస్తుండగా నవ్వుతూ చేపలు కోసిన మనిషి. పెద్ద పెద్ద వంటవాళ్ళ ముందు మైకు పట్టుకుని తడుముకోకుండా మాట్లాడిన మనిషి. అలాంటిది లీమా చైనా వీధిలో, సంఘం హాల్లో, చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన ముసలివాళ్ళ ముందు గరిటె ఎత్తేసరికి నోరు ఎండిపోయింది. ఆ గిన్నెలో ఉన్నది నిజంగా ఏమిటో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకరు దెల్ఫీనా. రెండో మనిషి ఆమె దగ్గర పనిచేసే నెలీదా. ఆ పిల్ల వంటింటి తలుపు చాటున నిలబడి శిలువ గుర్తు వేసుకుంటోంది.

అందరూ అనుకుంటున్నది సొరచేప రెక్కల సూప్ అని. తండ్రి ఫెర్మీన్‌కి ఎనభై నిండిన పండగ అది. ఆ పండగలో ఆ సూప్‌ని ఇంటి పెద్దకూతురు తన చేత్తో పోయాలి. పోసింది. ముందుగా సంఘం పెద్ద దోన్ అన్సెల్మో గిన్నెలో పోసింది. ఆయన తాగేదాకా మిగతావాళ్ళెవరూ చెంచా ముట్టుకోరు. ఆ కాస్త సేపూ దెల్ఫీనా గరిటె పట్టుకుని ఆయన పక్కనే నిలబడింది.

అసలు ఆమె అంత భయపడటానికి కారణం ఆమె బతుకులోనే ఉంది.

ఫెర్మీన్ సియుకి బారియోస్ ఆల్తోస్‌లో ఇరుకు సందులో ఒక చీఫా ఉండేది. లీమాలో చైనావాళ్ళ హోటలు అంటే చీఫాయే, అది గొప్పదైనా బక్కదైనా. ఫెర్మీన్‌ది బక్కదే. పగలంతా అక్కడ అన్నం వేయించేవాడు, పెద్దవాళ్ళ ఇళ్ళలో విందులున్న రోజున వాళ్ళ వంటింట్లో దూరి వండి పెట్టేవాడు. దెల్ఫీనా ఆ చీఫా మీది గదిలోనే పుట్టింది. తల్లి తొందరగా పోయింది. పిల్ల ఉల్లికాడలు తరిగే బల్ల మీద బడి పాఠాలు రాసుకుంది, సోయా మరకలున్న కాగితాల మీద బొమ్మలు వేసుకుంది. బొమ్మల పిచ్చి ఎంతంటే, పెద్దయ్యాక బొమ్మల కాలేజీలో చేరి, ఫీజు కట్టలేక సగంలో మానేసి, ఆ కోపమంతా బూడిదగుమ్మడికాయల మీద చూపించింది. పెళ్ళిళ్ళలో ఆమె చెక్కిన డ్రాగన్ కాయని కోసి తినడానికి జనానికి చేతులు రాలేదు.

ఆమె వంటింట్లో పారేసేదంటూ ఉండదు. ముల్లంగి ఆకు, రొయ్య తలకాయ, చేప తోలు, అన్నిటికీ ఏదో ఒక దారి చూపిస్తుంది. కయావ్ రేవులో చేపలు శుభ్రం చేసే ఆడవాళ్ళు "దెల్ఫీనా వచ్చిందర్రోయ్, ఇవాళ పిల్లులకి పస్తే" అని ఏడిపించేవాళ్ళు. ఒకసారి చేప ముళ్ళని తెల్ల పళ్ళెంలో కుంచెతో గీసినట్టు పేర్చి, చనిపోయిన తల్లి పేరుని చైనా అక్షరాల్లో రాసింది. ఆ పళ్ళెం ఫొటో ఎవరో పత్రికలో వేశారు. ఆ తర్వాత టీవీవాళ్ళు వచ్చారు, వంటల పోటీకి జడ్జీని చేశారు, ఇంక దెల్ఫీనా ముఖం బస్సుల మీదకి కూడా ఎక్కింది.

ముఖం బస్సు మీదకెక్కితే ఊరుకునే రకం కాదు ఆమె. వచ్చిన పేరంతా ఒక్క పనికి పెట్టింది. చైనా వీధిలో ఒక్కో హోటలు గడపా తొక్కి, రెక్కల సూప్ మానెయ్యమని కాళ్ళావేళ్ళా పడింది. రెక్కలు కోసి బతికున్న చేపని నీళ్ళలోకి తోసేస్తున్నారనీ, రేవులో ఇప్పుడు పడేవన్నీ పసి సొరలేననీ చెప్పింది. కొందరు విన్నారు, కొందరు ఆమె టీవీకి భయపడ్డారు. చివరిదాకా మొండికేసింది దోన్ అన్సెల్మో. వీధిలో అందరికంటే పెద్ద హోటలు ఆయనదే.

"మా తాత కాచిన సూప్ అమ్మాయ్ అది! నీ టీవీ కోసం ఆపెయ్యాలా?" అని ఎగిరాడు.

"టీవీ కోసం కాదు పెదనాన్నా. రేపు మీ మనవడికి సొరచేప అంటే బొమ్మలో చూపించాల్సొస్తుంది."

"చూపిస్తాలే. బొమ్మలు వెయ్యడానికి నువ్వున్నావుగా."

అలా ఏడాదిపాటు ఏడిపించి, చివరికి "మీ నాన్న ముఖం చూసి ఆపుతున్నా" అని బోర్డు మీద ఆ పేరు చెరిపేశాడు. ఆ చెరిపిన మచ్చ మాత్రం అలాగే ఉంచాడు, వచ్చేపోయేవాళ్ళకి కనపడాలని.

ఇదంతా తెలిసీ ఫెర్మీన్ తన ఎనభయ్యో పండగకి కూతుర్ని అదే అడిగాడు.

"ఒక్కటే అడుగుతా, కాదనకు. పెద్దల బల్ల మీద రెక్కల సూప్ ఉండాలి."

"నాన్నా! నేను ఊరంతా తిరిగి మాన్పించి, నా ఇంట్లోనే కాచమంటావా?"

"నాకు తెలీదా? కానీ నా మాట కూడా విను. వాళ్ళ విందులన్నిట్లో ఆ సూప్ కాచింది ఎవరు? నేను. గరిటెకి అంటుకున్నది కూడా వాళ్ళ గిన్నెలోకే విదిలించా. 'ఓయ్ ఫెర్మీన్, ఇంకో గిన్నె' అనేవాళ్ళు. నా బల్ల మీద ఎప్పుడన్నా ఉందా అది? ఒక్కసారి వాళ్ళు నా బల్ల దగ్గర కూచుని తాగాలి, నేను కుర్చీలోంచి చూడాలి. అంతే తల్లీ."

దెల్ఫీనాకి కాదనడానికి నోరు రాలేదు, అవుననడానికి మనసొప్పలేదు. "సరే నాన్నా, సూప్ పోస్తాను" అంది. రెక్కల పేరు ఎత్తలేదు కాబట్టి అబద్ధమాడినట్టు కాదని తనకి తాను సర్దిచెప్పుకుంది. ఇలాంటి సర్దుబాట్లు చేసుకోనివాళ్ళెవరో నాకైతే తెలీదు.

రేవులో పారేసే చేప తోళ్ళు తెచ్చి, ఉడికించి, వడకట్టి జిగురు తీసింది. మార్కోనా నుంచి వచ్చే సముద్రపు నాచు కలిపి చిక్కబరిచింది. నూనె రాసిన అద్దం పలక మీద, కాలేజీ రోజుల నాటి కుంచెతో ఆ జిగురుని పోగులు పోగులుగా గీసింది. అసలు రెక్కలోని పోగు నడుమ లావుగా ఉండి రెండు కొసలా సన్నబడుతుంది, వెలుతురులో పట్టుకుంటే అవతలిది కనపడుతుంది. అలా కుదిరేదాకా గీసినవన్నీ చెరిపేసి మళ్ళీ గీసింది. ఆమె చేసిన బొమ్మలన్నిట్లోకీ అదే గొప్పదని నేనంటాను, ఎవరికీ చూపించుకునే వీలు లేకపోయినా. ముదురు కోడి, పంది తొడ ఎముక వేసి తండ్రి పద్ధతిలోనే రసం కాచింది.

"అక్కా, ఇంత అందంగా ఉంది. చెప్పేస్తే పోలా? సంతోషిస్తారు" అంది నెలీదా.

"సంతోషించరే పిచ్చిదానా. ఎనభై ఏళ్ళ పండగకి జిగురు పోసిందంటారు. నన్నైతే ఫర్వాలేదు, మా నాన్నని అంటారు."

ఇంక హాల్లోకి వద్దాం. దోన్ అన్సెల్మో చెంచా నోట్లో పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. ఇంకో చెంచా తాగాడు. ఆయన గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"ఫెర్మీన్! మా నాన్న పోయాక ఇలాంటి రెక్క నేను తాగలేదురా. మర్యాదంటే నీ ఇంటిదేరా!"

హాలంతా చప్పట్లు. ఫెర్మీన్ లేచి దండం పెట్టబోయి, లేవలేక, కూచునే తలూపాడు. ఆ ముఖం చూసిన దెల్ఫీనాకి ఏడుపొచ్చినంత పనైంది. గండం గడిచిందనుకుని వంటింట్లోకి వెళ్ళి చల్లటి నీళ్ళు తాగింది. వెళ్ళేటప్పుడు మాత్రం దోన్ అన్సెల్మో ఆమె భుజం తట్టి, "మొత్తానికి నీకూ తెలిసొచ్చిందమ్మాయ్" అన్నాడు. ఏం తెలిసొచ్చిందో ఆ హడావిడిలో ఆమె ఆలోచించలేదు.

ఆలోచించాల్సిన రోజు తొందరగానే వచ్చింది. బజారులో అల్లం ఏరుతుంటే, ఎరిగున్న ఒకావిడ దగ్గరికొచ్చి గుసగుసలాడింది. "మా వాడి పెళ్ళి పెట్టుకున్నాం. రెక్కల సూప్ పెట్టాలా వద్దా అని ఇన్నాళ్ళూ నీకు జడిశాం. నువ్వే పోశావుగా, ఇంకేం భయం!" దెల్ఫీనా చేతిలో అల్లం జారిపోయింది. ఏదో చెప్పబోయింది. ఏం చెబుతుంది? అది జిగురండీ అంటే సాయంత్రానికల్లా వీధి వీధంతా పాకుతుంది, ఆ మర్నాడు తండ్రి ఏ ముఖంతో సంఘానికి వెళ్తాడు? నవ్వీ నవ్వనట్టు నవ్వి వచ్చేసింది.

తర్వాత ఒక దర్జీ అడిగాడు. ఆ తర్వాత టీ దుకాణం ఆయన అడిగాడు, రెక్కలు ఎక్కడ కొన్నావని. ఆమెకి అన్నం సయించడం మానేసింది. టీవీ షూటింగులో ఎవరో చేసిన కూర నోట్లో పెట్టుకుని ఉప్పుందో లేదో చెప్పలేకపోయింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది.

అలా ఉండగా ఒక ఉదయం నెలీదా రేవు నుంచి చేప తోళ్ళ బుట్టతో వచ్చి, బుట్ట దించకుండానే చెప్పింది.

"అక్కా, రెక్కలకి మళ్ళీ బేరాలొస్తున్నాయి. మా బాబాయిని అడిగారట, సుత్తితల సొరపిల్లలు పడితే పక్కన పెట్టమని. పిల్లలక్కా, మూరెడు కూడా ఉండవు."

"ఎవరికట?"

"చైనా వీధికి. దోన్ అన్సెల్మోగారి పెళ్ళిరోజు పండగ చేస్తున్నారటగా."

దెల్ఫీనా అక్కడే పీట మీద కూలబడింది. సొరల్ని కాపాడదామని చేసిన దొంగ సూపే సొరల ప్రాణం మీదకి తెచ్చింది. తను ఇన్నేళ్ళు నోరు నొప్పెట్టేలా చెప్పినదంతా ఒక్క గిన్నెతో తుడిచిపెట్టుకుపోయింది. మానినవాళ్ళంతా ఇప్పుడు ఆమె పేరు చెప్పి మొదలుపెడతారు. దోన్ అన్సెల్మో విందు అయ్యిందంటే, ఆయన్ని మించాలని ఇంకొకడు పెడతాడు. చైనా వీధిలో విందుకి విందు బదులు పెట్టకపోతే నిద్రపట్టదు జనానికి.

నాన్నకి చెప్పేస్తే సరి అనుకుని సంఘం హాలుకి వెళ్ళింది. ఫెర్మీన్ కొత్త కోటు వేసుకుని పెద్దల మధ్య కూచుని టీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఆ గుమ్మం దాటి లోపల కూచునేవాడు కాదు, వంటింటి దారినే వచ్చి వంటింటి దారినే పోయేవాడు. ఇప్పుడు ఎవరో ఆయన కప్పులో టీ పోస్తూ, పెద్దమనుషుల పేరు ముందు పెట్టే మాట ఆయనకీ పెట్టి, "తీసుకోండి దోన్ ఫెర్మీన్" అన్నారు. ఆయన రెండు వేళ్ళతో బల్ల మీద తట్టి మర్యాద చెల్లించాడు, పుట్టినప్పటి నుంచీ అలవాటున్న పెద్దమనిషిలాగా. కూతుర్ని చూసి, "రా తల్లీ! మా అమ్మాయండీ" అని అందరికీ మళ్ళీ పరిచయం చేశాడు. అక్కడ ఆమెని ఎరగనివాడు లేడు. దెల్ఫీనా టీ తాగి, ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగొచ్చింది.

దోన్ అన్సెల్మో నుంచి పిలుపు రానే వచ్చింది. సూప్ ఆమే కాచాలట, రెక్కలు నానబోశాం, వచ్చి చూడమని. "నేనూ వస్తా" అని ఫెర్మీన్ కోటు తొడుక్కున్నాడు. దార్లో టాక్సీలో దెల్ఫీనా రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఆయన కిటికీ అద్దంలో తన టై సర్దుకుంటున్నాడు.

ఆ ఇంటి వాకిట్లో ముసలివాళ్ళు బల్ల చుట్టూ కూచుని మాజాంగ్ పలకలాట ఆడుతున్నారు. దోన్ అన్సెల్మో భార్య దోన్యా ఎర్లిందా ఎదురొచ్చి వంటింట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ బేసిన్లలో రెక్కలు నానుతున్నాయి. ఒక్కోటీ అరచేయంత కూడా లేదు. వంటింట్లో అమ్మోనియా కంపు కొడుతోంది. దెల్ఫీనా ఒక రెక్క పైకి తీసి పట్టుకుంది. అది పసిదని తెలియడానికి టీవీ జడ్జీ అయి ఉండక్కర్లేదు.

"ఇంకా రావాలి, సగమే ఇవి" అన్నాడు దోన్ అన్సెల్మో వెనకనుంచి. "ఏం, సరుకు బాలేదా? మీ నాన్న విందులో అంత బాగున్నవి ఎక్కడ దొరికాయో చెప్పు, అక్కడే తెప్పిస్తా."

ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అవి రెక్కలు కావు పెదనాన్నా. నేనే చేశాను. చేప తోలు జిగురుతో."

దోన్ అన్సెల్మో పకపకా నవ్వాడు. "ఊరుకో! నా నాలుకకి తెలీదా? టీవీవాళ్ళు తెలుసుకుంటారని జడుస్తున్నావు. ఇక్కడ మేమెవరం చెప్పంలే."

"నిజం పెదనాన్నా. ఒట్టు."

ఫెర్మీన్ ముందుకొచ్చాడు. అంత తొందరగా ఆయన మాట్లాడగా ఆమె ఎప్పుడూ చూడలేదు. "అవి రెక్కలే. నా కూతురు భయపడుతోంది. అవి అసలైన రెక్కలే. నేను ఎన్ని కాచలేదు, నాకు తెలీదా?"

ఆయన కళ్ళు ఆమెని బతిమాలుతున్నాయి. రెక్కలేనని ఒప్పుకో, ఒప్పేసుకో, ఇంతటితో పోతుంది అని. వాకిట్లో మాజాంగ్ పలకల చప్పుడు ఆగిపోయింది. అందరూ వంటింటి గుమ్మంలోకి వచ్చేశారు. నోటిమాట నమ్మరని ఆమెకి ముందే అనుమానం. అందుకే సంచిలో జిగురు సీసా, కుంచె, అద్దం పలక వేసుకొచ్చింది. తియ్యకపోతే నాన్న బతికిపోతాడు. తీస్తే ఆ బేసిన్లలో మిగతా సగం నానదు. కాసేపు సంచి పట్టుకుని అలాగే నిలబడి, చివరికి తీసింది.

అందరూ చూస్తుండగా పలకకి నూనె రాసి, పోగులు గీసింది. మొదటి పోగు మధ్యలో తెగి పాడైంది. తర్వాతవి కుదిరాయి. అవి గట్టిపడ్డాక ఆ ఇంటి పొయ్యి మీదున్న వేడి రసంలో వేసి, గిన్నె ఎవరికివ్వాలా అని చూసింది. దోన్ అన్సెల్మో చెయ్యి చాపాడు. ఫెర్మీన్ అడ్డొచ్చి గిన్నె తనే తీసుకున్నాడు.

ఒక చెంచా తాగాడు. నోట్లోనే ఉంచుకుని పోగుల్ని పంటి కింద నొక్కి చూశాడు. ఆ ముసలాయన ఆ ఒక్క నిమిషం అబద్ధమాడితే ఆయన్ని కాదనేవాడు అక్కడ ఎవడూ లేడు. కానీ జన్మంతా వండినవాడు, నోట్లో ఉన్నదాన్ని లేదనలేకపోయాడు.

"ఇదే" అన్నాడు మెల్లగా. "ఆ రోజు పోసింది ఇదే."

గిన్నె బల్ల మీద పెట్టి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఆయనకి దారిచ్చినవాళ్ళలో ఒకరు "జిగురు పోశాట్ట" అని పక్కవాడితో అన్నారు, కాస్త గట్టిగానే. దోన్ అన్సెల్మో చెవులు ఎర్రబడ్డాయి. హాలంతా వినేలా జిగురుని మెచ్చుకున్నది తనే కదా. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బేసిన్ని కాలితో తన్నాడు. నీళ్ళు ఒలికాయి. దోన్యా ఎర్లిందా తుడిచే గుడ్డ తెస్తూ, "తేడా కనిపెట్టలేని నోటికి ఇవెందుకండీ? మిగతావి వద్దని కబురు చెయ్యండి. నూడుల్స్ పెడదాం, తింటే ఆయుష్షు పెరుగుతుందంటారుగా" అంది. ఆయన వద్దనలేదు. అసలైన రెక్కలు పెడితే ఊరంతా ఆ చప్పట్లని గుర్తుచేసి నవ్వుతుంది మరి.

అలా ఆ విందూ ఆగింది, దాని వెనక రావాల్సినవీ ఆగాయి. సొరపిల్లల్ని పక్కన పెట్టమని నెలీదా బాబాయికి మళ్ళీ ఎవరూ చెప్పలేదు. బజారావిడ, దర్జీ, అందరూ సర్దుకున్నారు. దెల్ఫీనా గెలిచిందనే అంటున్నారు ఆమెని మెచ్చుకునేవాళ్ళు. వాళ్ళకేం, బాగానే అంటారు.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో ఫెర్మీన్ ఒకే మాట అన్నాడు. "ఒక్కసారి అడిగాను దెల్ఫీ. ఎనభై ఏళ్ళలో ఒక్కసారి." ఆమెకి క్షమించమని అనాలని తోచింది, అంటే ఆయన ఏడుస్తాడేమోనని భయమేసి ఊరుకుంది. ఆయన సంఘానికి వెళ్ళడం మానేశాడు. వెళ్ళమని ఆమె చెప్పలేకపోయింది.

ఆమె మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి తండ్రికి తన చేత్తో వండి పెడుతుంది. మొదటి రోజు కోడి వేసి జావ కాచి ముందు పెట్టింది. ఆయన చెంచా పట్టుకుని, గిన్నెలోకి చూస్తూ ఆగిపోయాడు.

"ఇది దేంతో చేశావు?"

కోపంగా అడగలేదు, ఎత్తిపొడుస్తూ అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. అదే ఆమెకి ఎక్కువ బాధేసింది.

"కోడి, నాన్నా. కోడే."

ఆయన తలూపాడు, కానీ చెంచా ముంచలేదు. దెల్ఫీనా ఇంకో చెంచా తెచ్చుకుని, ఎదురుగా కూచుని, ఆ గిన్నెలోంచి తను ఒక చెంచా తింది. ఆమె మింగేదాకా చూసి, అప్పుడు ఆయన తినడం మొదలుపెట్టాడు.